ధరల పద సమస్యలను రేఖీయ సమీకరణాలతో సాధించడం: సమగ్ర మార్గదర్శి

మూడు నోటు పుస్తకాలు, నాలుగు పెన్నులు కలిపి 210 రూపాయలు అయ్యాయని మాత్రమే తెలిస్తే, ఒక్కో వస్తువు ధర ఎంతో చెప్పడం సాధ్యం కాదు. పుస్తకం 50, పెన్ను 15 అయినా మొత్తం 210 వస్తుంది. పుస్తకం 30, పెన్ను 30 అయినా అంతే వస్తుంది. పుస్తకం 10, పెన్ను 45 అనుకున్నా తేడా రాదు. ఆ ఒక్క వాక్యానికి సరిపోయే ధరల జతలు అనంతంగా ఉంటాయి, వాటన్నింటినీ గ్రాఫు కాగితం మీద గుర్తిస్తే అవి ఒకే సరళరేఖ మీద పడతాయి. అవే ధరలకు కొన్న మరో బిల్లు దొరికినప్పుడు రెండో సరళరేఖ ఏర్పడుతుంది. ఆ రెండు రేఖలు ఖండించుకునే బిందువు రెండు బిల్లులకూ ఒకేసారి సరిపోయే ఏకైక ధరల జతను చూపిస్తుంది. రెండు చరరాశులలో, అంటే అక్షరాలతో సూచించే రెండు తెలియని రాశులలో, రేఖీయ సమీకరణాల జతను సాధించడం అంటే ఆ బిందువును గీయకుండానే, లెక్క ద్వారా కనుక్కోవడం.

సమీకరణాలు కాగితం మీద పడ్డాక మిగిలే పని కూడికలు, తీసివేతలే, దాన్ని ఎవరైనా కొద్ది సాధనతో నేర్చుకోగలరు. అసలు కష్టం అంతకు ముందు ఉంటుంది. మాటల్లో ఉన్న సమాచారాన్ని పొరపాటు లేకుండా సమీకరణంగా మార్చడం, వచ్చిన జవాబును తిరిగి ఆ మాటల ముందు నిలబెట్టి చూడడం అనే రెండు పనుల మీదే ఈ మార్గదర్శి ఎక్కువ శ్రద్ధ పెడుతుంది. ఇక్కడి ఉదాహరణల్లో రూపాయలు ఒక ప్రమాణం మాత్రమే. ఏ దేశపు డబ్బులో లెక్కించినా పద్ధతి మారదు.

మొదటి అడుగు: తెలియని రాశిని వాక్యంలో నిర్వచించడం

సమస్యను ఒకసారి చివరి వరకు చదివి, అడుగుతున్నది ఏమిటో ముందు గుర్తించాలి. ఆ తరువాత తెలియని ప్రతి రాశికీ ఒక అక్షరం ఇచ్చి, ఆ అక్షరం దేన్ని సూచిస్తుందో పూర్తి వాక్యంలో, ప్రమాణంతో సహా రాసుకోవాలి. ప్రాచీన భారతీయ బీజగణితంలో తెలియని రాశులను యావత్తావత్, కాలకం, నీలకం అనే పేర్లతో పిలిచి, వాటి మొదటి అక్షరాలతో సూచించేవారు. ఆ సంప్రదాయాన్ని అనుసరించి ఇక్కడ య, క, న అనే అక్షరాలను వాడుకుందాం.

య = ఒక నోటు పుస్తకం ధర, రూపాయలలో.
క = ఒక పెన్ను ధర, రూపాయలలో.

ఈ రెండు పంక్తులు అనవసరమైన లాంఛనంగా కనిపించవచ్చు, కానీ సగం పొరపాట్లను ఆపేవి ఇవే అని నా అభిప్రాయం. చాలామంది పుస్తకానికి ‘పు’ అని, పెన్నుకు ‘పె’ అని పెట్టుకుని, ‘3పు’ అంటే మూడు పుస్తకాలు అని చదువుకుంటారు. అలా చదివితే అక్షరం ఒక వస్తువుగా మారిపోతుంది. నిజానికి అక్షరం ఒక సంఖ్య. ‘3య’ అంటే ఒక పుస్తకం ధరకు మూడు రెట్లు, అంటే మూడు పుస్తకాలకు అయిన డబ్బు. వస్తువు పేరుతో సంబంధం లేని అక్షరాన్ని ఎంచుకుంటే ఈ గందరగోళానికి తావుండదు.

ప్రమాణాలను కూడా ఇక్కడే స్థిరపరచుకోవాలి. ఒక బిల్లులో డజను లెక్కన, మరో బిల్లులో విడిగా కొన్నట్లు ఉంటే రెండింటినీ విడి వస్తువుల సంఖ్యలోకి మార్చాలి. ఒకచోట గ్రాములు, మరొకచోట కిలోలు ఉన్నా, ఒకచోట రూపాయలు, మరొకచోట పైసలు ఉన్నా సమీకరణం రాయకముందే సరిచేసుకోవాలి.

రెండో అడుగు: ఒక్కో వాక్యానికి ఒక్కో సమీకరణం

ధరల సమస్యల్లో సమీకరణాన్ని ఇచ్చే వాక్యాలు ప్రధానంగా రెండు రకాలు. మొదటి రకం మొత్తాన్ని చెప్పే వాక్యం. ‘మూడు పుస్తకాలు, నాలుగు పెన్నులు కలిపి 210 రూపాయలు’ అన్నది 3య + 4క = 210 అవుతుంది. ఈ రకంలో పొరపాటు అరుదు. రెండో రకం రెండు ధరలను పోల్చే వాక్యం, జాగ్రత్త అంతా ఇక్కడే అవసరం.

‘పుస్తకం ధర పెన్ను ధరకు మూడు రెట్లు’ అన్న వాక్యాన్ని మాటల వరుసలోనే రాస్తూ పోయినవారు కొన్నిసార్లు 3య = క అని రాస్తారు. పుస్తకం ముందుగా వచ్చింది, మూడు కూడా వచ్చింది కాబట్టి ఆ రెండూ కలిసిపోతాయి. సరైన సమీకరణం య = 3క. దీన్ని పరీక్షించుకోవడం చాలా తేలిక. పెన్ను 10 రూపాయలు అనుకుంటే పుస్తకం 30 కావాలి, రాసిన సమీకరణంలో ఆ రెండు సంఖ్యలు పెట్టి చూడాలి. 30 = 3 × 10 నిలుస్తుంది, 3 × 30 = 10 నిలవదు. పోల్చే వాక్యం ఎదురైన ప్రతిసారీ ఇలా ఊహించిన సంఖ్యలతో ఒకసారి సరిచూసుకోవడం అలవాటు చేసుకోవాలి.

‘పుస్తకం ధర పెన్ను ధర రెట్టింపు కంటే 10 రూపాయలు తక్కువ’ అంటే య = 2క − 10. ఇక్కడ తక్కువైనది పుస్తకం ధర, కాబట్టి 10ని తీసివేయాల్సింది పెన్ను వైపు నుంచి. ‘మూడు రెట్లు ఎక్కువ’ వంటి మాట వచ్చినప్పుడు మాత్రం భాషలోనే సందిగ్ధత ఉంది. కొందరు దాన్ని మూడు రెట్లుగా, మరికొందరు అసలు ధరకు అదనంగా మూడు రెట్లుగా, అంటే మొత్తం నాలుగు రెట్లుగా అర్థం చేసుకుంటారు. సమస్యను మీరే తయారు చేస్తున్నట్లయితే ఆ పదబంధాన్ని వాడకండి. ఎదుర్కొంటున్నట్లయితే మీరు తీసుకున్న అర్థాన్ని స్పష్టంగా రాసి ముందుకు వెళ్లండి.

సమీకరణాలు రాశాక వాటి సంఖ్యను తెలియని రాశుల సంఖ్యతో పోల్చాలి. రెండు ధరలు తెలియకపోతే ఒకదానిపై ఒకటి ఆధారపడని రెండు సమీకరణాలు కావాలి. రెండోది కనిపించకపోతే సమస్యలో ఏదైనా వాక్యాన్ని వదిలేశామేమో చూడాలి.

మూడో అడుగు: తొలగింపు పద్ధతి

మొదటి బిల్లుకు తోడు, ఐదు పుస్తకాలు, రెండు పెన్నులకు 280 రూపాయలు అయ్యాయని తెలిసిందనుకుందాం.

3య + 4క = 210 … (1)
5య + 2క = 280 … (2)

ఒక చరరాశి గుణకాలు రెండు సమీకరణాల్లో సమానమైతే తీసివేతతో ఆ చరరాశి మాయమవుతుంది. ఇక్కడ క గుణకాలు 4, 2. రెండో సమీకరణాన్ని 2తో గుణిస్తే 10య + 4క = 560 వస్తుంది. ధరలు మారకుండా అదే కొనుగోలును రెండుసార్లు చేసినట్లే కాబట్టి ఈ గుణకారం న్యాయమైనదే. ఇందులోంచి మొదటి సమీకరణాన్ని తీసివేస్తే 7య = 350, అంటే య = 50. ఈ విలువను (1)లో ఉంచితే 150 + 4క = 210, కనుక క = 15.

తీసివేతకు ఉన్న అర్థాన్ని కూడా గమనించాలి. పది పుస్తకాలు, నాలుగు పెన్నుల బిల్లుకూ, మూడు పుస్తకాలు, నాలుగు పెన్నుల బిల్లుకూ మధ్య ఉన్న తేడా ఏడు పుస్తకాలు మాత్రమే. అందుకే 350 రూపాయల తేడా పూర్తిగా ఆ ఏడు పుస్తకాలదే. ఈ దృష్టితో చూసేవారికి పద్ధతిని కంఠస్థం చేయాల్సిన అవసరం ఉండదు.

గుణకాల్లో ఒకటి మరొకదానికి గుణిజం కాకపోతే వాటి కనిష్ఠ సామాన్య గుణిజం (క.సా.గు.) తీసుకోవాలి. ఉదాహరణకు క గుణకాలు 4, 6 అయితే మొదటి సమీకరణాన్ని 3తో, రెండోదాన్ని 2తో గుణించి రెండింటినీ 12 చేయాలి. ఏ చరరాశిని తొలగించినా జవాబు ఒకటే కాబట్టి, క.సా.గు. చిన్నగా వచ్చేదాన్ని ఎంచుకుంటే చాలు. తీసివేసేటప్పుడు రెండో పంక్తిలోని ప్రతి పదం గుర్తూ మారాలి, కుడివైపు సంఖ్య గుర్తు కూడా మారాలి. చేతితో చేసే లెక్కల్లో తప్పులు ఎక్కువగా దొర్లే చోటు ఇదే.

సరిచూడడం

విలువను కనుక్కోవడానికి వాడిన సమీకరణంలోనే దాన్ని సరిచూస్తే ప్రయోజనం లేదు. పై లెక్కలో క విలువను (1) నుంచి రాబట్టాం కాబట్టి (2)లో పరీక్షించాలి: 5 × 50 + 2 × 15 = 280. అది సరిపోయింది.

అయితే ఈ పరీక్ష సమీకరణాలను సరిగా సాధించామని మాత్రమే చెబుతుంది. సమీకరణమే తప్పుగా రాసి ఉంటే దానికి సరిపోయే జవాబు కూడా తప్పుదే అవుతుంది. అందువల్ల చివరి పరీక్ష సమస్య మాటల్లోనే జరగాలి. ఐదు పుస్తకాలు ఒక్కోటి 50 చొప్పున 250, రెండు పెన్నులు 15 చొప్పున 30, మొత్తం 280, సమస్యలో చెప్పినది కూడా అదే అని అసలు వాక్యాన్ని మళ్లీ చదువుతూ చూడాలి. ధర రుణ సంఖ్యగా వచ్చినా, వస్తువుల సంఖ్య పూర్ణాంకం కాకుండా భిన్న సంఖ్యగా వచ్చినా, లెక్కలోనో ఇచ్చిన సమాచారంలోనో దోషం ఉందని తెలుసుకోవాలి.

ప్రతిక్షేపణ ఎప్పుడు సులువు?

ఒక చరరాశి మరొకదాని రూపంలో నేరుగా ఇచ్చి ఉన్నప్పుడు తొలగింపు కంటే, ఆ చరరాశి స్థానంలో దానికి సమానమైనదాన్ని ఉంచే ప్రతిక్షేపణ పద్ధతి తొందరగా పూర్తవుతుంది. మనుషులు నిర్ణయాలు తీసుకునే తీరును అధ్యయనం చేసే పరిశోధకుడు షేన్ ఫ్రెడరిక్ 2005లో ప్రచురించిన ఆలోచనా పరీక్షలో ఉన్న ప్రశ్న దీనికి చక్కని ఉదాహరణ. సంఖ్యలను పెద్దవి చేసి చెప్పుకుంటే అది ఇలా ఉంటుంది: బ్యాటు, బంతి కలిపి 110 రూపాయలు. బ్యాటు ధర బంతి ధర కంటే 100 రూపాయలు ఎక్కువ. బంతి ధర ఎంత?

వెంటనే తోచే జవాబు 10. కానీ బంతి 10 అయితే, మొత్తం 110 కావడానికి బ్యాటు 100 కావాలి, అప్పుడు తేడా 90 మాత్రమే. బంతి ధరను క అనుకుంటే బ్యాటు ధర క + 100. మొత్తం వాక్యంలో దీన్ని ప్రతిక్షేపిస్తే క + (క + 100) = 110, అంటే 2క = 10, క = 5. బంతి 5, బ్యాటు 105. తేడా 100, మొత్తం 110, రెండు వాక్యాలూ నిలిచాయి. సమీకరణం రాయడం వల్ల కలిగే లాభం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. తొందరలో మనసు రెండో వాక్యాన్ని ‘బ్యాటు ధర 100’ అని చదివేస్తే, ‘కంటే ఎక్కువ’ అన్న మాటను సమీకరణం వదిలిపెట్టనివ్వదు.

స్థిర రుసుము, దూరాన్ని బట్టి పెరిగే రుసుము కలిసిన లెక్కలు కూడా ఈ కోవకే చెందుతాయి. ఒక అద్దె వాహనానికి 10 కిలోమీటర్లకు 185 రూపాయలు, 16 కిలోమీటర్లకు 269 రూపాయలు అయ్యాయి. కిలోమీటరుకు ఎంత పడిందో భాగించి చూస్తే మొదటిసారి 18.50, రెండోసారి 16.81 వస్తాయి. దూరం పెరిగేకొద్దీ సగటు తగ్గడం, దూరంతో నిమిత్తం లేని ఒక స్థిర మొత్తం అందులో కలిసి ఉండవచ్చనడానికి సూచన. స్థిర రుసుము య, కిలోమీటరు ధర క అనుకుంటే య + 10క = 185, య + 16క = 269. మొదటి సమీకరణం నుంచి య = 185 − 10క. దాన్ని రెండోదానిలో ఉంచితే 185 + 6క = 269, క = 14, య = 45. ఫోను పథకాలు, విద్యుత్తు బిల్లులు, బట్వాడా రుసుములు, ఇలా ‘కనీస మొత్తం, ఆపై వాడకాన్ని బట్టి’ అని ఉండే చాలా ధరలకు ఇదే నిర్మాణం సరిపోతుంది. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధరే మారే అంచెల పద్ధతి ఉంటే మాత్రం రెండు బిల్లులూ ఒకే అంచెలోవి అయి ఉండాలి.

గుణకాలు తారుమారైన జతలు

తొమ్మిదో శతాబ్దపు గణిత శాస్త్రవేత్త మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహంలో ఒక ధరల లెక్క ఇచ్చాడు. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన సారసంగ్రహ గణితం పేరుతో తెలుగులోకి తెచ్చాడు. లెక్క ఇది: తొమ్మిది మాదీఫలాలు (నిమ్మజాతి పండ్లు), ఏడు వెలగపండ్ల ధర 107. ఏడు మాదీఫలాలు, తొమ్మిది వెలగపండ్ల ధర 101. ఒక్కోదాని ధర ఎంత?

9య + 7క = 107
7య + 9క = 101

తొలగింపు పద్ధతిలో నేరుగా వెళ్తే 63 వరకు గుణించుకోవాలి. గుణకాలు ఒకదాని స్థానంలో ఒకటి ఉన్నాయని గమనిస్తే అంత శ్రమ అవసరం లేదు. రెండింటినీ కలిపితే 16య + 16క = 208, అంటే య + క = 13. తీసివేస్తే 2య − 2క = 6, అంటే య − క = 3. ఈ కొత్త జతను కలిపితే 2య = 16. మాదీఫలం 8, వెలగపండు 5. మహావీరుడు చెప్పిన సూత్రం కూడా ఇక్కడికే చేరుస్తుంది: పెద్ద ధరను పెద్ద సంఖ్యతో, చిన్న ధరను చిన్న సంఖ్యతో గుణించి, వాటి భేదాన్ని ఆ సంఖ్యల వర్గాల భేదంతో భాగించాలి. 107 × 9 − 101 × 7 = 256, 81 − 49 = 32, కాబట్టి 256 ÷ 32 = 8. ఆ సూత్రం వెనుక ఉన్నది తొలగింపు పద్ధతే.

అంతకు ఎన్నో శతాబ్దాల ముందే చైనాలో సంకలనమైన ‘గణిత కళపై తొమ్మిది అధ్యాయాలు’ అనే గ్రంథంలోని ఎనిమిదో అధ్యాయం పూర్తిగా ఇలాంటి సమీకరణ సమూహాలకే కేటాయించబడింది. అందులో, లియాంగ్ అనే చైనా తూకపు ప్రమాణంలో, ఐదు ఎద్దులు, రెండు గొర్రెల విలువ 10 లియాంగ్‌లు, రెండు ఎద్దులు, ఐదు గొర్రెల విలువ 8 లియాంగ్‌లు అన్న లెక్క ఉంది. ఇక్కడ కూడా గుణకాలు తారుమారయ్యాయి. కలిపితే 7(య + క) = 18, తీసివేస్తే 3(య − క) = 2. జవాబు ఎద్దుకు 34/21, గొర్రెకు 20/21. భిన్నం రాగానే తప్పు చేశామని కంగారుపడే విద్యార్థికి ఈ లెక్క చూపించాలి. ధర భిన్నంగా ఉండకూడదన్న నియమం ఏదీ లేదు. 5 × 34/21 + 2 × 20/21 = 210/21 = 10 అని సరిచూసుకుంటే అనుమానం తీరుతుంది.

ధరలు తెలిసి, సంఖ్యలు తెలియనప్పుడు

కొన్ని సమస్యల్లో ధరలు ఇచ్చి, ఎన్ని అమ్ముడయ్యాయో కనుక్కోమంటారు. ఒక ప్రదర్శనకు 240 టిక్కెట్లు అమ్మారు. పెద్దల టిక్కెట్టు 120 రూపాయలు, పిల్లలది 75. వసూలైన మొత్తం 25,200. ఇక్కడ య, క అనేవి ధరలు కావు, టిక్కెట్ల సంఖ్యలు. రెండు సమీకరణాలూ వేర్వేరు ప్రమాణాల్లో ఉంటాయి: ఒకటి టిక్కెట్లను లెక్కిస్తుంది, మరొకటి డబ్బును లెక్కిస్తుంది.

య + క = 240
120య + 75క = 25,200

ఈ రెండింటినీ కలిపేసి 120య + 75క = 240 అని రాయడం తరచుగా జరిగే పొరపాటు. సమానపు గుర్తుకు ఎడమవైపు డబ్బు ఉంటే కుడివైపు కూడా డబ్బే ఉండాలి. రెండో సమీకరణాన్ని 15తో భాగిస్తే 8య + 5క = 1,680 అవుతుంది. మొదటిదాన్ని 5తో గుణించి తీసివేస్తే 3య = 480, య = 160, క = 80. అక్షరాలు లేకుండా కూడా దీన్ని చేయవచ్చు. అన్నీ పిల్లల టిక్కెట్లే అనుకుంటే 18,000 రావాలి, వచ్చింది 7,200 ఎక్కువ, ఒక్కో పెద్దల టిక్కెట్టు అదనంగా ఇచ్చేది 45, కాబట్టి పెద్దల టిక్కెట్లు 7,200 ÷ 45 = 160. ఈ ఊహా పద్ధతికీ, మొదటి సమీకరణాన్ని 75తో గుణించి తొలగించడానికీ మధ్య తేడా ఏమీ లేదు.

వసూలు 25,000 అని ఇచ్చి ఉంటే 7,000 ÷ 45 పూర్ణాంకం కాదు. టిక్కెట్ల సంఖ్య పూర్ణాంకమే కావాలి కనుక, ఎక్కడో డబ్బు లెక్క తప్పిందని సమీకరణమే చెప్పేస్తుంది. పూర్ణాంకాలే కావాలన్న నిబంధన ఒక్కోసారి రెండో సమీకరణం చేసే పనిలో కొంత చేసిపెడుతుంది. ఒకే సమీకరణానికి పూర్ణాంక సాధనలను వెతికే కుట్టక విధానాన్ని ఆర్యభటుడు 499లోనే ఇచ్చాడు.

రాయితీలు, పన్నులు

శాతాలు వచ్చినప్పుడు ఆ శాతం దేని మీద అన్నది ముందు తేల్చుకోవాలి. ఒక సంచి, ఒక జత బూట్ల ముద్రిత ధర కలిపి 3,100 రూపాయలు. సంచి మీద 10 శాతం, బూట్ల మీద 20 శాతం తగ్గించగా 2,620 చెల్లించారు. ముద్రిత ధరలు య, క అయితే:

య + క = 3,100
0.9య + 0.8క = 2,620

దశాంశాలతో లెక్క చేయనక్కరలేదు. తగ్గింపు మొత్తం 480 కాబట్టి 0.1య + 0.2క = 480, పదితో గుణిస్తే య + 2క = 4,800. మొదటిదాన్ని తీసివేస్తే క = 1,700, య = 1,400. చెల్లించినది 1,260 + 1,360 = 2,620 అని సరిపోతుంది. ఏ చరరాశి తగ్గింపుకు ముందు ధరో, ఏది తరువాతి ధరో మొదటి అడుగులోనే రాసి ఉంచకపోతే ఇలాంటి లెక్కల్లో దారి తప్పడం ఖాయం.

పన్నుతో కలిపి 1,050 అయిన వస్తువు అసలు ధర, పన్ను 5 శాతం అయితే, 1,050 ÷ 1.05 = 1,000. 1,050లోంచి 5 శాతం తీసేస్తే 997.50 వస్తుంది, అది తప్పు. పన్నును అసలు ధర మీద వేశారు, పన్ను కలిసిన ధర మీద కాదు.

జవాబు రాని జతలు, నమ్మలేని జతలు

రెండు కుర్చీలు, మూడు బల్లలు 7,200 రూపాయలు, నాలుగు కుర్చీలు, ఆరు బల్లలు 14,400 రూపాయలు. తొలగించబోతే రెండు చరరాశులూ ఒకేసారి పోయి 0 = 0 మిగులుతుంది. రెండో బిల్లు మొదటిదానికి సరిగ్గా రెట్టింపు, కొత్త సమాచారం ఏమీ ఇవ్వలేదు. రెండు రేఖలు ఏకీభవించాయి కాబట్టి సాధనలు అనంతం. రెండో బిల్లు 13,800 అని ఉంటే 0 = 600 అనే అసాధ్యం వస్తుంది. రేఖలు సమాంతరం, జత అసంగతం. అయితే దీన్ని ‘సాధన లేదు’ అని రాసి వదిలేయకుండా, కారణం వెతకడం మంచిది. ఎక్కువ కొన్నందుకు 600 రూపాయలు తగ్గించి ఉండవచ్చు, రెండు కొనుగోళ్ల మధ్య ధర మారి ఉండవచ్చు. సమీకరణాల జత పని చేసేది ధరలు రెండు బిల్లుల్లోనూ ఒకటే అన్న షరతు మీద.

సాధించకముందే దీన్ని పసిగట్టవచ్చు. మొదటి సమీకరణంలోని య గుణకాన్ని రెండోదానిలోని క గుణకంతోనూ, రెండోదానిలోని య గుణకాన్ని మొదటిదానిలోని క గుణకంతోనూ అడ్డంగా గుణించి భేదం చూడాలి. భేదం సున్నా అయితే ఏకైక సాధన ఉండదు. పై లెక్కలో 2 × 6 − 4 × 3 = 0. నిర్ధారకం అని పిలిచేది ఈ భేదాన్నే.

నిర్ధారకం సున్నా కాకపోయినా, గుణకాలతో పోలిస్తే మరీ చిన్నదైతే మరో చిక్కు ఉంటుంది, పాఠాల్లో దీనికి దక్కాల్సినంత చోటు దక్కదు. 10య + 11క = 530, 11య + 12క = 580 అన్న జతకు జవాబు య = 20, క = 30. రెండో మొత్తాన్ని 581గా మార్చి చూడండి. జవాబు య = 31, క = 20 అవుతుంది. ఒక్క రూపాయి తేడాతో చవకైనది ఖరీదైనదిగా మారిపోయింది. ఇక్కడ నిర్ధారకం 120 − 121 = −1, రెండు రేఖలు దాదాపు ఒకే వాలులో ఉన్నాయి కాబట్టి కొద్దిపాటి కదలికకే ఖండన బిందువు దూరం జరుగుతుంది. నిజమైన బిల్లుల్లో మొత్తాన్ని దగ్గరి రూపాయికి సవరించడం మామూలే కాబట్టి, విడి ధరలు కనుక్కోవాలనుకున్నప్పుడు వస్తువుల నిష్పత్తి బాగా తేడాగా ఉన్న బిల్లులను ఎంచుకోవాలి. ఒకదానిలో పుస్తకాలు ఎక్కువ, మరొకదానిలో పెన్నులు ఎక్కువ ఉండేలా చూసుకుంటే ఈ ప్రమాదం తగ్గుతుంది.

మూడు ధరలు తెలియనప్పుడు

మూడు చరరాశులకు మూడు సమీకరణాలు కావాలి. పద్ధతి మారదు: ఒకే చరరాశిని రెండుసార్లు తొలగించి, మూడింటి సమస్యను రెండింటి సమస్యగా కుదించాలి.

య + 2క + న = 89 … (1)
2య + క + 3న = 167 … (2)
3య + 4క + 2న = 218 … (3)

(2) నుంచి (1)కి రెట్టింపు తీసివేస్తే −3క + న = −11. (3) నుంచి (1)కి మూడు రెట్లు తీసివేస్తే −2క − న = −49. ఈ రెండింటినీ కలిపితే −5క = −60, క = 12. ఆపై న = 25, (1) నుంచి య = 40. మొదటిసారి యను, రెండోసారి కను తొలగించారంటే వచ్చే రెండు సమీకరణాల్లో కలిపి మళ్లీ మూడు చరరాశులే ఉంటాయి, పని ముందుకు సాగదు. అందుకే తొలగించే అక్షరాన్ని ముందే నిర్ణయించుకుని రెండుసార్లూ దానికే కట్టుబడాలి.

మూడు ధరలు తెలియకుండా రెండే బిల్లులు ఉన్న సమస్యలు కూడా పరీక్షల్లో ఎదురవుతాయి. 3య + 7క + న = 315, 4య + 10క + న = 420 అని ఇచ్చి, ఒక్కో వస్తువు ఒక్కోటి కొంటే ఎంత అవుతుందని అడుగుతారు. య, క, నలను విడివిడిగా కనుక్కోవడం ఇక్కడ సాధ్యం కాదు, అడిగింది కూడా అది కాదు. కావలసింది య + క + న మాత్రమే. మొదటి బిల్లును గ రెట్లు, రెండోదాన్ని జ రెట్లు తీసుకుని కలిపితే మూడు గుణకాలూ 1 కావాలి అనుకుందాం. అప్పుడు 3గ + 4జ = 1, 7గ + 10జ = 1. ఈ జతను సాధిస్తే గ = 3, జ = −2. మూడో గుణకాన్ని కూడా పరీక్షించాలి: గ + జ = 1, సరిపోయింది. కాబట్టి య + క + న = 3 × 315 − 2 × 420 = 105. మూడో గుణకం సరిపోకపోయి ఉంటే, ఆ రెండు బిల్లులతో ఆ ప్రశ్నకు ఒకే జవాబు నిర్ణయించలేమని రాయడమే సరైన సమాధానం.